వాయిదా పడిన రాజుగారి భోజనం

ఒకానొక రాజ్యంలో... ఆ రాజ్యం సంగతి, రాజుగారి బిరుదుల సంగతి తర్వాత. అన్యాయం జరిగిన మనిషి పేరు ముందు చెప్పుకోవాలి. ఆమె పేరు పడుగుల నీలమ్మ. విరోధి నామ సంవత్సరం మాఘ శుద్ధ సప్తమి నాడు పొద్దున్నే, సగం నేసిన చీర మగ్గం మీద ఉండగానే, నూలు వర్తకుడు సూరన్న మనుషులు వచ్చి ఆమె మగ్గాన్ని ఊడదీసి బండిలో వేసుకుపోయారు.

"పన్నెండు చీరలకు నూలిచ్చాను. ఒక్క చీరా రాలేదు. అందుకని మగ్గం పట్టుకున్నాను" అన్నాడు సూరన్న.

"పన్నెండు చీరలూ నేసి మనిషి చేత పంపాను" అంది నీలమ్మ.

వ్యాజ్యమంతా ఇంతే. చీరలు సూరన్న ఇంటికి చేరాయా, చేరలేదా? మోసిన మనిషిని పిలిచి ఒక్క మాట అడిగితే తేలిపోయే సంగతి. ఆ ఒక్క మాట ఎనిమిదేళ్ళు దాటినా ఎవరూ అడగలేదు.

ఎందుకు అడగలేదో తెలియాలంటే ఆ రాజ్యపు ఆచారం తెలియాలి. అక్కడ పంచమి పంచమికీ న్యాయసభ కూర్చుంటుంది. వాదికో వకీలు, ప్రతివాదికో వకీలు. వకీలు నోరు విప్పాలంటే కక్షిదారు ముందుగా అతని చేతిలో తాంబూలం పెట్టాలి. రెండు ఆకులు, ఒక వక్క, ఆకుల కింద రెండు రూకలు. ఒక తాంబూలానికి ఒక వాయిదా. తీర్పు వచ్చేదాకా తగవులో ఉన్న వస్తువు ఊరి చివర జప్తు కొట్టులో తాళం వేసి ఉంటుంది. ఏ కక్షిదారైనా ఒక్క పంచమి తాంబూలం తప్పాడా, ఆ వస్తువు రాజుగారిదైపోతుంది.

ఇది రాజుగారి తాతగారు వేసిన శాసనం. "పని చేసిన రోజుకే కూలి" అని ఆయన ఉద్దేశం. ఉద్దేశం బంగారమే. కానీ ఎన్ని రోజులు పని చేస్తే అంత కూలి వచ్చేచోట పని త్వరగా ముగించే పిచ్చివాడెవడు?

నీలమ్మ వకీలు విరూపాక్షయ్య. సూరన్న వకీలు జగన్నాథయ్య. జగన్నాథయ్య చెల్లెల్ని విరూపాక్షయ్యకే ఇచ్చారు. ఇద్దరూ ఒకే బండిలో సభకు వస్తారు. సభలో ఒకరి మీద ఒకరు గర్జించుకుంటారు. సాయంత్రం ఒకే బండిలో ఇంటికి పోతారు. దారిలో మాట్లాడుకునేది ఇది:

"వచ్చే పంచమికి జ్వరం నాకా, నీకా బావా?"

"పోయినసారి నాకే వచ్చిందిగా. ఈసారి నీ వంతు."

"నాకు జ్వరం వద్దయ్యా, ఇంట్లో మీ చెల్లెలు కషాయం పోస్తుంది. సాక్షి ఊళ్ళో లేడని చెబుతాను."

"సరే, అట్లాగే కానీ."

ఇక రాజుగారు. ఆయన పేరు విజయచండ భూపతి. న్యాయమేరువు అని ఆయన బిరుదు. ఎవరిచ్చారని అడిగితే ఆయనే ఇచ్చుకున్నాడు. సభలో, వేటలో, భోజనంలో, ఎక్కడ కూర్చున్నా ఆ బిరుదు మూడుసార్లు చదివితే గాని పని మొదలు కాదు.

"పొరుగు రాజ్యంలో వ్యాజ్యం నెల తిరక్కుండా ముగుస్తుందట" అని ఆయన నవ్వేవాడు. "అంత తొందరగా తేలేది న్యాయమా, సంతలో బేరమా? మన సభలో వ్యాజ్యం ఒకటి పద్దెనిమిదేళ్ళుగా నడుస్తోంది. అంత లోతుగా విచారిస్తాం మేము!"

ఆ లోతులో ఎందరు మునిగిపోయారో ఆయన ఎప్పుడూ వంగి చూడలేదు.

విళంబి నామ సంవత్సరం జ్యేష్ఠ బహుళ పాడ్యమి నాడు నీలమ్మ రాజుగారి వంటశాల గుమ్మంలో నిలబడింది. వంటశాల పెత్తనం ఓబులమ్మది. ఇరవై ఏళ్ళుగా రాజుగారి నోటికి పోయే ప్రతి ముద్దా ఆమె కళ్ళ ముందు నుంచి పోవాల్సిందే. నలుగురు వంటవాళ్ళు ఆమె మాట మీద నడుస్తారు. ఆమె నోరంటే సేనాపతికి కూడా జంకు.

"ఏం కావాలే?" అంది ఓబులమ్మ.

"పని కావాలక్కా. రుబ్బుతాను, దంచుతాను, అంట్లు తోముతాను. పంచమి లోపల రెండు రూకలు ఇస్తే చాలు."

ఓబులమ్మ ఆమె చేతుల వైపు చూసింది. "ఇవి అంట్లు తోమే చేతులు కాదే. పోగుల మధ్య నాడె విసిరే చేతులు. మగ్గమేమైంది?"

నీలమ్మ చెప్పింది. ఏడవకుండా చెప్పింది. ఏడుపు మొదటి మూడేళ్ళలోనే అయిపోయింది. పగలు పరాయి వాళ్ళకు నూలు చుడుతోంది. వచ్చిందంతా తాంబూలాలకే పోతోంది. పోయిన పంచమికి ముక్కుపుడక అమ్మేసింది. కళ్ళు మసకేస్తున్నాయి.

"జప్తు కొట్టు తలుపు సందులోంచి చూశానక్కా. మగ్గం గుంజకు చెదలు పట్టాయి. ఈ పంచమికి తాంబూలం పెట్టలేకపోతే ఆ మిగిలింది కూడా నాది కాదు."

"రెండు రూకలు నేనిస్తాను. ఆ పై పంచమికి?"

నీలమ్మ కొంగు ముడి తడుముకుంది.

"దానికి పై పంచమికి?"

"అప్పటికీ బతికే ఉంటాను కదా, ఏదో ఒకటి చేస్తాను. నా మగ్గం నేను వదలను."

"వదలొద్దు. నేనూ వదలమని చెప్పడం లేదు" అంది ఓబులమ్మ. "ఆ నీళ్ళ చెంబు తీసుకుని నా వెనకాల రా. ఏలినవారు భోజనానికి కూర్చున్నారు."

రాజుగారు గుత్తివంకాయ ముగించి పెరుగులోకి దిగే వేళ చూసి ఓబులమ్మ మాట కదిపింది. ఇరవై ఏళ్ళ అనుభవం మరి. రాజుగారికి మంచి మాట చెవికెక్కేది పెరుగు దగ్గరే.

"ప్రభూ, వకీళ్ళకు వాయిదాకింత అని ఇవ్వడం మూలాన వ్యాజ్యాలు తెమలడం లేదు. ఈ నీలమ్మ మగ్గం తగవులో పడి ఎనిమిదేళ్ళుగా జప్తు కొట్టులోనే ఉంది."

రాజుగారి చెయ్యి ఆగింది. "ఓబులమ్మా, కూరలో ఉప్పు తెలుస్తుంది నీకు. న్యాయం నీకేం తెలుస్తుంది?"

"ఎక్కువైనా తక్కువైనా తెలుస్తుంది ప్రభూ. ఉప్పే కాదు."

"పని చేసిన కొద్దీ ప్రతిఫలం. ఇంతకన్నా ధర్మమైన పద్ధతి లోకంలో ఉందా? అసలు నీ వంటవాళ్ళకు నెల జీతాలిచ్చి పాడుచేస్తున్నాం. వడ్డనకింత అని ఇచ్చి చూడు, ఎంత శ్రద్ధగా చేస్తారో!"

"ఏలినవారి ఆజ్ఞ అయితే చూస్తాను" అంది ఓబులమ్మ, అందుకోసమే కాచుకున్న మనిషి కనుక వెంటనే. "మూడు రోజులు వంటశాలను న్యాయసభ పద్ధతిలో నడుపుతాను. సుఖంగా నడిస్తే నా పెత్తనం వదిలేసి ఊరు విడిచి పోతాను. నడవకపోతే పంచమి నాటి సభ నేను చెప్పిన పద్ధతిలో నడవాలి. ఒక్క షరతు. ఈ మూడు రోజులూ వంటవాళ్ళు ఏం చేసినా శిక్షించకూడదు. వకీళ్ళను ఎవరూ శిక్షించడం లేదు కదా!"

రాజుగారికి పందెమంటే సరదా. "నీ పెత్తనం ఒక్కటేనా? ఆ తగవులో ఉన్న మగ్గం కూడా ఒడ్డు. ఓడితే అది నేరుగా మా ఖజానాకు."

ఓబులమ్మ తల అడ్డంగా ఊపింది. "అది నాది కాదు ప్రభూ. ఒడ్డే హక్కు నాకు లేదు."

గుమ్మం దగ్గర చెంబు పట్టుకుని నిలబడ్డ మనిషి ముందుకొచ్చింది. "నాది మహారాజా. నేను ఒడ్డుతున్నాను. చీకటి కొట్టులో చెదలు తింటున్న మగ్గం పోతుందేమోనని ఇంకా ఎన్నాళ్ళు భయపడను?"

పందెం అప్పుడే తాటాకు మీద రాసి రాజముద్ర వేశారు.

మర్నాడు విదియ. మధ్యాహ్నం రాజుగారు పీట మీద కూర్చున్నారు. బిరుదు మూడుసార్లు చదివారు. వంటవాడు మల్లప్ప వచ్చి ఆకు వేశాడు. గోడ పక్కన కూర్చున్న లేఖకుడి దగ్గరికి పోయి, "వడ్డన ఒకటి" అని గీత గీయించుకున్నాడు. మళ్ళీ వచ్చి ఆకు మీద నీళ్ళు చల్లాడు. "వడ్డన రెండు." చిటికెడు ఉప్పు వేశాడు. "మూడు."

రెండో వంటవాడు గంగాధరం వచ్చి ఆ ఉప్పు వైపు తేరిపార చూశాడు. "ప్రభూ, ఈ ఉప్పు ఆకుకు ఎడమ పక్కన వేశారు. దీనికి నా ఆక్షేపణ ఉంది."

"ఎడమ పక్కనే వెయ్యాలి" అన్నాడు మల్లప్ప.

"అది నిరూపించాలి."

నిరూపించడానికి గడియ పట్టింది. ఉప్పు తీసేశారు. మళ్ళీ అక్కడే వేశారు. నాలుగు, అయిదు.

"అన్నం ఏదిరా?" అన్నారు రాజుగారు.

"అన్నం సిద్ధంగానే ఉంది ప్రభూ. పప్పు హాజరు కాలేదు" అన్నాడు మల్లప్ప. "పప్పు లేని వేళ అన్నం వడ్డిస్తే పప్పుకు అన్యాయం చేసినట్టవుతుంది."

"పప్పును పిలవండి!"

"కబురు పంపాం. కుండకు జ్వరమట."

రాజుగారు ఓబులమ్మ వైపు చూశారు. ఓబులమ్మ పైకప్పు వైపు చూసింది.

మెతుకులు వచ్చాయి. ఒక్కో వడ్డనకు నాలుగు మెతుకులు. ప్రతి నాలుగు మెతుకులకూ ఒకసారి గోడ దాకా నడక, ఒక గీత. మధ్యలో నిమ్మకాయ ఊరగాయ మీద పెద్ద వాదన జరిగింది. ఇద్దరూ రొమ్ములు చరుచుకుని అరిచారు, వంటింట్లోకి పోయి ఇద్దరూ ఒకే ముంతలో మజ్జిగ తాగి వచ్చారు. దీపాల వేళకు అరవై ఒక్క వడ్డనలయ్యాయి. రాజుగారి కడుపులోకి పోయినవి మూడు ముద్దలు.

"మిగతా భోజనం పంచమి తర్వాత వచ్చే పంచమికి వాయిదా వేశాం ప్రభూ" అని మల్లప్ప వినయంగా ఆకు ఎత్తేశాడు.

రాజుగారు ఆకలితో మండిపోతున్నారు గాని ఓడిపోయానని ఒప్పుకునే జాతి కాదు. "పద్ధతి మంచిదే. మనుషులు దొంగలు. రేపు వడ్డనల లెక్క తీసెయ్యండి. భోజనం మొత్తానికి కలిపి ఇరవై రూకలు. ఎన్నిసార్లు వడ్డించినా అంతే. అప్పుడు జాప్యం చేసి లాభమేముంది?"

"మంచి ఆలోచన ప్రభూ" అంది ఓబులమ్మ. "మీ మంత్రుల్లో కొందరు వకీళ్ళకు కూడా ఇదే చెబుతున్నారట. చూద్దాం."

తదియ నాడు రాజుగారు కాళ్ళు కడుక్కుని వచ్చేసరికే ఆకు నిండా వడ్డించి ఉంది. మొహం వికసించింది. కూర్చుని ముద్ద కలిపారు. బియ్యం పళ్ళ కింద పటపటలాడింది. వంకాయ కాడతో సహా, తోటలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది.

"ఇది ఉడకలేదురా!"

"పొయ్యి మీద పెట్టాం ప్రభూ. పెట్టలేదని ఎవరూ అనలేరు" అన్నాడు గంగాధరం.

"పులుసేది?"

"పులుసుకు చింతపండు కావాలి, నీళ్ళు కావాలి, నిప్పు కావాలి. మొదటి రెండూ కలిపాం. ఇరవై రూకలకు మూడోది దేనికి?"

"మీకు ఇంకేం పని ఉందిరా అంత తొందరగా?"

"ఈ పూట సేనాపతిగారింట్లో ఒక భోజనం, కోశాధికారిగారింట్లో ఒకటి ఒప్పుకున్నాం ప్రభూ. ఎన్ని భోజనాలు ముగిస్తే అన్ని ఇరవైలు." మాట పూర్తికాకముందే మల్లప్ప ఆకు లాగేశాడు.

సాయంత్రానికి రాజుగారికి కడుపునొప్పి పట్టుకుంది. పొట్ట పట్టుకునే ఇంకో ఎత్తు వేశారు. "రేపు రొక్కం మాటే లేదు. వండినదాంట్లో మూడో వంతు వాళ్ళదే. వంట బాగుంటే వాళ్ళ వాటా బాగుంటుంది. ఇంక నన్ను మోసం చెయ్యడం ఎట్లాగో చూస్తాను!"

"వకీళ్ళకు కూడా గెలిచినదాంట్లో వాటా ఇస్తే సరిపోతుందనే వాళ్ళున్నారు ప్రభూ" అంది ఓబులమ్మ.

చవితి నాడు వంటశాల నెయ్యి వాసనతో ఘుమఘుమలాడింది. పెద్ద గంగాళం నిండా పరమాన్నం. ఇంకో గంగాళం నిండా నేతి బూరెలు. చెప్పుకోవాలంటే రుచికి వంక లేదు.

రాజుగారు వాటి వైపు చూసి కళ్ళు మూసుకున్నారు. కడుపు ఇంకా గడబిడగా ఉంది. "ఇవి వద్దురా నాయనా. కాస్త మెత్తగా ఉడికిన అన్నం, మజ్జిగ, రవ్వంత శొంఠి. అది చాలు."

మల్లప్ప, గంగాధరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మజ్జిగన్నంలో మూడో వంతంటే మాకొచ్చేది ఎంత ప్రభూ? అంత చిన్న వంట మేం ఒప్పుకోం" అన్నాడు మల్లప్ప.

"మరి నేనేం తినను?"

"వేరే వంటవాణ్ణి చూసుకోండి. లేదా బూరెలే కావాలని మనసు మార్చుకోండి. మార్చుకుంటే మాత్రం మా అంత బాగా వాదించే... వండే వాళ్ళు మీకు దొరకరు."

రాజుగారు పీట మీద నుంచి లేవలేకపోయారు. మూడు రోజుల ఆకలి. న్యాయమేరువు కాస్తా వంకర తిరిగి కూర్చుంది. అప్పుడు ఓబులమ్మ తనే లోపలికి పోయి మజ్జిగన్నం కలిపి తెచ్చింది. ఆయన తిన్నారు. ఆకు గీకి తిన్నారు.

"నొప్పి తగ్గిందా ప్రభూ?"

"తగ్గింది."

"మీకు మూడు రోజులు. నీలమ్మకు ఎనిమిదేళ్ళు దాటింది. వాయిదాకింత అంటే అన్నం రాదు. మొత్తానికింత అంటే ఉడకని అన్నం వస్తుంది. వాటా అంటే మజ్జిగన్నం అడిగేవాడికి వంటవాడే దొరకడు. నీలమ్మ మగ్గంలో మూడో వంతు ఏ వకీలుకు కావాలి? రెండు గుంజలు తీసుకుపోయి ఏం చేసుకుంటాడు?"

రాజుగారు విస్తరి పక్కకు జరిపారు. "ఇరవై ఏళ్ళు నాకు వేళకు అన్నం పెట్టావు. ఉడికిన అన్నం పెట్టావు. ఎట్లా పెట్టావు మరి?"

"మా వంటింట్లో ఒక కట్టుబాటుంది ప్రభూ. ఏలినవారి విస్తరి ఎత్తేదాకా వంటవాడి నోట మెతుకు పడకూడదు. ఎత్తాక అదే కుండలోది వాడు తినాలి. మీరు ఆలస్యమైతే వాడి కడుపు మాడుతుంది. పప్పు ఉడక్కపోతే వాడి పళ్ళ కిందా పడుతుంది. జీతం ఎంతైనా ఇవ్వండి, మీ ఆకలి వాడికి కూడా తగలాలి. అది తగలకపోతే వాడి శ్రద్ధంతా జీతం మీదే ఉంటుంది."

"అయితే వకీలు నోరు కట్టమంటావా? నోరు లేకపోతే వాదించేదెవరు?"

"నోరు కట్టొద్దు. తాంబూలం ఆపండి. తీర్పు వచ్చేదాకా రూకలూ లేవు, ఆకూ లేదు. సభలోనే కాదు, ఇంట్లో కూడా ఆకు ముట్టకూడదు. ఆ ఇద్దరూ గడియకొకసారి నమలకపోతే మనుషులే కాదు. తీర్పు అయ్యాక తన కక్షిదారు నిలబడి, 'నేను చెప్పుకోవాలనుకున్నవన్నీ నా వకీలు చెప్పాడు' అంటేనే తాంబూలం. గెలిచినా అంతే, ఓడినా అంతే. తొందరపడి సగం చెబితే దక్కదు, సాగదీస్తే నోరెండిపోతుంది."

"మా తాతగారి శాసనం..." అని రాజుగారు గొణిగారు.

"తాతగారు ఈ మూడు రోజులూ మన వంటింట్లో భోంచెయ్యలేదు ప్రభూ."

పంచమి నాడు రాజుగారే స్వయంగా న్యాయసభలో కూర్చున్నారు. కొత్త ఆజ్ఞ చదివారు. వకీళ్ళ తాంబూలప్పెట్టెలు తెచ్చి రాజుగారి కాళ్ళ దగ్గర పెట్టారు. జగన్నాథయ్య మొహం వెలవెలపోయింది.

అయినా అలవాటు పోతుందా? విరూపాక్షయ్య లేచాడు. "మహాప్రభూ, మా సాక్షి ఊళ్ళో లేడు. మరో వాయిదా..."

"వాయిదా ఎన్నైనా తీసుకో. ఆకు మాత్రం తీర్పు తర్వాతే" అన్నారు రాజుగారు.

విరూపాక్షయ్య కూర్చున్నాడు. ఒక గడియ గడిచింది. ఆవలించాడు. జగన్నాథయ్య నాలుకతో పెదవులు తడుపుకున్నాడు. రెండో గడియకు ఇద్దరి చూపులూ కాగితాలు వదిలి రాజుగారి కాళ్ళ దగ్గరే తిరుగుతున్నాయి.

"బావా, ఇంక నా వల్ల కాదు. ఆ సాక్షిని పిలువు" అన్నాడు జగన్నాథయ్య. గుసగుస అనుకుని అన్నాడు, సభంతా వినబడింది.

విరూపాక్షయ్య వెనక్కి తిరిగి, "బరువుల దుర్గయ్య ఉన్నాడా?" అని కేకేశాడు.

"ఉన్నాను బాబూ" అంటూ సభ చివర్నుంచి ఒక మనిషి లేచాడు. "నేను ప్రతి పంచమికీ ఇక్కడే ఉన్నాను. నన్ను ఎవరూ పిలవలేదు."

"నువ్వు ఊళ్ళో లేవని చెప్పారే?" అన్నారు రాజుగారు.

"చెప్పేటప్పుడు కూడా ఇక్కడే కూర్చుని విన్నాను మహాప్రభూ. నా గురించేననుకోలేదు."

"పన్నెండు చీరలు నువ్వు మోశావా?"

"మోశాను. సూరన్నగారి అరుగు మీద ఆయన చేతికే ఇచ్చాను. మంచినీళ్ళు కూడా ఇచ్చారు."

రాజుగారు సూరన్న వైపు తిరిగారు. సూరన్న ఎనిమిదేళ్ళ కిందట పొట్ట ఉన్న మనిషి. ఇప్పుడు పంచె జారుతోంది. నీలమ్మతో సమానంగా తాంబూలాలు పెట్టిన వాడేగా అతను కూడా!

"చీరలు వచ్చాయా?"

"వచ్చాయి మహాప్రభూ. గుమాస్తా వేరే గదిలో పెట్టాడు. నేను చూసుకోలేదు. మగ్గం పట్టుకొచ్చిన నెలకు కనబడ్డాయి. వెంటనే వకీలుగారి దగ్గరికి పోయి, చెప్పేద్దామండీ, మగ్గం ఇచ్చేద్దామండీ అన్నాను."

"ఏమన్నాడు?"

"వద్దన్నారు."

"ఎందుకు?"

"చెబితే వ్యాజ్యం అయిపోతుందన్నారు."

రాజుగారి బుగ్గలు కదిలాయి. భుజాలు కదిలాయి. ఆపైన ఆయనకు నవ్వు ఆగలేదు. సింహాసనం చెయ్యి పట్టుకుని, కిరీటం పక్కకు ఒరిగిపోయేదాకా నవ్వారు. "అయిపోతుందన్నాడా! పప్పుకు జ్వరం! కుండకు జ్వరం!" అంటూ కళ్ళు తుడుచుకున్నారు. సభ కూడా నవ్వింది.

నీలమ్మ నవ్వలేదు. ఆమె నవ్వకపోవడం రాజుగారు చూశారు. ఆయన నవ్వు మెల్లగా ఆగింది. కిరీటం సర్దుకుని, ఈసారి బిరుదు చదివించుకోకుండానే తీర్పు చెప్పారు. మగ్గం నీలమ్మది. పాడైన చోటల్లా సూరన్న ఖర్చుతో బాగుచేయించాలి.

"నీలమ్మా, నీవు చెప్పుకోవాలనుకున్నవన్నీ నీ వకీలు చెప్పాడా?"

విరూపాక్షయ్య రెండు చేతులూ జోడించి ఆమె వైపు చూశాడు. ఎనిమిదేళ్ళలో అతను ఆమెను అంత పరకాయించి చూడడం అదే మొదలు.

"చెప్పలేదు మహారాజా. ఒకటి మిగిలిపోయింది. నేనే చెబుతాను."

నీలమ్మ కొంగు ముడి విప్పి నూలు దారపు ఉండ ఒకటి తీసింది. దారం నిండా ముళ్ళు. "ఒక్కో తాంబూలానికి ఒక్కో ముడి వేశాను. నూట తొంభై మూడు. ఇవి నాకు తిరిగి రావాలి. నేసిన చీరకే నేను ఎప్పుడూ కూలి తీసుకున్నాను. నెయ్యని చీరకు ఎన్నడూ తీసుకోలేదు. ఈయన చెయ్యని వాదనకు నేనెందుకివ్వాలి?"

సభ గుమాస్తా తన పుస్తకం తిరగేశాడు. "నూట ఎనభై ఎనిమిదే ఉన్నాయి మహాప్రభూ" అన్నాడు.

"మళ్ళీ చూడండి. నా దారం తప్పు చెప్పదు" అంది నీలమ్మ.

మళ్ళీ చూశాడు. అయిదు చోట్ల కాగితాలు అతుక్కుపోయి ఉన్నాయి. విప్పి చూస్తే మధ్యలో ఎర్రగా తాంబూలపు మరకలు. లెక్క నూట తొంభై మూడుకు వచ్చింది. విరూపాక్షయ్య ఆ రూకలన్నీ ఆ రోజే, ఆ సభలోనే కట్టాలని ఆజ్ఞ అయింది. సూరన్న పెట్టిన తాంబూలాలు జగన్నాథయ్య కట్టాలి. విరూపాక్షయ్య దగ్గర అంత లేకపోతే ఆ బండి, ఎద్దులు అక్కడికక్కడే అమ్మించారు. బావా బావమరదులు ఆ సాయంత్రం నడిచి ఇంటికి పోయారు. దారిలో ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు.

రాజుగారు తన చేతి బంగారు కంకణం తీసి ఓబులమ్మకు తొడిగారు. ఓబులమ్మ వద్దనలేదు. వద్దని గొప్ప అనిపించుకునే సరదా ఆమెకు లేదు. చెయ్యి తిప్పి చూసుకుని, "కాస్త వదులుగా ఉంది ప్రభూ, కంసాలి కూలి కూడా మీదే" అంది. రాజుగారు మళ్ళీ నవ్వి, సరేనన్నారు.

నీలమ్మ జప్తు కొట్టు ముందు నిలబడి తాళం తీయించుకుంది. గుంజ ఒకటి పూర్తిగా పోయింది. పోగులు బిగించే పలక మిగిలింది. నాడె ఉంది. దుమ్ము కొంగుతో తుడిచి, ఆ నాడెను మాత్రం బండిలో వెయ్యనివ్వకుండా చేతిలోనే పట్టుకుంది.

ఆనాటి సభ పుస్తకంలో గుమాస్తా రాసిన ఆఖరి వరుస ఇది: విళంబి నామ సంవత్సరం జ్యేష్ఠ బహుళ పంచమి, పడుగుల నీలమ్మకు తిరిగి ముట్టినవి మూడు వందల ఎనభై ఆరు రూకలు.